ఎయిర్ ఫ్రయర్‌లో బేకన్: కొసలు మాడుతున్నాయి, మధ్యలో మెత్తగా ఉంటోంది, పైగా పొగ. ఏం చేయాలి?

ఇర్వింగ్ నాన్న

అందరికీ నమస్కారం. సమస్య చిన్నదే, కానీ మా అపార్ట్‌మెంట్ అంతటికీ వినపడే సమస్య.

మా వాడికి తొమ్మిదేళ్లు. స్నేహితుడి ఇంట్లో రాత్రి పడుకోవడానికి, అదే స్లీపోవర్‌కి, వెళ్ళి బేకన్ అనే ఉప్పు పట్టించిన పంది మాంసం పట్టీల రుచి మరిగి వచ్చాడు. అప్పట్నుంచి శనివారం పొద్దున్నే దోసెలు పోస్తుంటే మొహం ముడుచుకుని కూర్చుంటున్నాడు. ఆ ఇంట్లో తిన్నట్టే ఉండాలట. పళ్ళ కింద పెడితే పుటుక్కున విరగాలట. మా ఆవిడ కోడి, చేపల వరకే. పంది మాంసం ముట్టదు గానీ వండుకుంటామంటే వద్దనదు. స్టవ్ చుట్టూ జిడ్డు చిందకూడదు, తన పెనాలు వాడకూడదు, అంతే. అందుకే ఎయిర్ ఫ్రయర్ దించాను. నిజానికి అది కొన్నది మిరపకాయ బజ్జీల కోసం. ఆ సంగతి ఇప్పుడు వద్దులెండి.

మా దగ్గరున్నది సొరుగులా లాగే బుట్ట రకం, 5 క్వార్టులది. బుట్టలో చిల్లుల పళ్ళెం ఉంటుంది. బేకన్ మామూలు మందమే, 12 ఔన్సుల ప్యాకెట్, మేపుల్ రుచిది. 400 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ముందే వేడి చేసి, ముక్కలు పరిచి, పది నిమిషాలు పెడుతున్నాను. కొసలు నల్లగా మాడిపోతున్నాయి. మధ్యలో కొవ్వు తెల్లగానే ఉండి, కొరికితే సాగుతోంది. ఆరేడు నిమిషాలు అయ్యేసరికి వెనక నుంచి తెల్లటి పొగ, ఆ వెంటనే హాల్లో స్మోక్ అలారం. దానికి తోడు పక్కింటివాళ్ళ కుక్క.

వేడి పెంచాలా, తగ్గించాలా? కింద నీళ్ళు పొయ్యమని కొందరంటున్నారు, కరెంటు సామానులో నీళ్ళేంటి అని నాకు భయం. అడుగున పార్చ్‌మెంట్ కాగితం (ఓవెన్‌లో వాడేది) వేయొచ్చా? ఇంకో టెన్షన్ కూడా ఉంది. వచ్చే నెల మా అత్తగారు విజయవాడ నుంచి వస్తున్నారు. శనివారం ఆవిడ నీసు ముట్టరు, ఇంట్లో వాసన వచ్చినా ఒప్పుకోరు. ఈలోగా ఏదో ఒక దారి చూపించండి.

రెండు నిమిషాల వంట

ఇంత రాద్ధాంతం ఎందుకండీ. ప్లేటు మీద రెండు పేపర్ టవల్స్, వాటి మీద బేకన్, పైన ఇంకో టవల్, మైక్రోవేవ్‌లో పెట్టండి. ముక్కకి సుమారు నిమిషం. పొగ లేదు, కడిగేది లేదు. కొవ్వంతా టవలే పీల్చుకుంటుంది.

మానేరు గట్టు

మైక్రోవేవ్‌లో విరిగేటట్టు అవుతుంది, కాదనను. కానీ రంగు రాదు, ఆ కమ్మటి వేపుడు వాసన రాదు. పిల్లాడు ఒకసారి బయట మంచిది తిని వచ్చాడు కదా, వెంటనే పట్టేస్తాడు.

అన్నా, నేను కాన్సాస్‌లో ఎమ్మెస్ చేసినప్పుడు క్యాంపస్ డైనింగ్ హాల్లో పొద్దున షిఫ్ట్ చేసేదాన్ని. కరీంనగర్‌లో ఉన్నన్నాళ్ళు బేకన్ అంటే ఏంటో చూడలేదు, అక్కడ మాత్రం తెల్లారకముందే చేతికి అదే తగిలేది. హోటళ్ళకి, హాస్టళ్ళకి వచ్చే బేకన్ మన ప్యాకెట్‌లా ఒకదాని మీద ఒకటి అంటుకుని ఉండదు. పెద్ద కాగితం మీద ముక్కలు వరసగా పరిచే వస్తాయి. కాగితంతో సహా ట్రేలోకి జార్చి ఓవెన్‌లోకి తోయడమే. ఆ ఓవెన్ లోపల ఫ్యాన్ ఉంటుంది, కన్వెక్షన్ ఓవెన్ అంటారు. మీ ఎయిర్ ఫ్రయర్ కూడా పని చేసేది ఆ పద్ధతిలోనే. కాకపోతే గది చాలా చిన్నది, గాలి చాలా జోరు, పైన ఎర్రగా వేడెక్కే కాయిల్ తిండికి మరీ దగ్గర. మీ తిప్పలన్నీ ఆ మూడింటి వల్లే.

ముందు పొగ సంగతి చూద్దాం. అది బేకన్ నుంచి వచ్చే పొగ కాదు, కారిన కొవ్వు నుంచి వచ్చేది. ముక్కలు వేగుతున్నకొద్దీ కొవ్వు చిల్లుల్లోంచి దిగి అడుగున పలచగా పరుచుకుంటుంది. పలచగా ఉన్న కొవ్వు తొందరగా కాగుతుంది. బేకన్ కొవ్వు 350 డిగ్రీలు దాటితే ఇంచుమించు పొగ కక్కడానికి సిద్ధంగా ఉంటుంది. మీరు పెట్టేది 400, అదీ ముందే వేడెక్కిన బుట్టలో. దానికి తోడు ఫ్యాన్ గాలికి సన్నటి కొవ్వు తుంపర్లు పైకి లేచి కాయిల్ మీద పడతాయి. మిషన్ పూర్తిగా చల్లారాక ప్లగ్ తీసేసి, బుట్ట బయట పెట్టి, మిషన్‌ని వెల్లకిలా తిప్పి టార్చ్ వేసి కాయిల్ చూడండి. చికెన్, బజ్జీలు చేసిన ఇల్లయితే అక్కడ గోధుమరంగు జిడ్డు పేరుకుని ఉంటుంది. కొత్త బేకన్ వేసిన ప్రతిసారీ ఆ పాత జిడ్డు కూడా కాలుతుంది. సబ్బునీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే మళ్ళీ ప్లగ్ పెట్టండి. అందరూ బుట్టని మెరిసేటట్టు తోముతారు, తల పైకెత్తి కాయిల్ చూసేవాళ్ళు తక్కువ.

ఇక కొసలు మాడి మధ్యలో సాగడం. బేకన్ అంటే పంది పొట్ట దగ్గరి మాంసం. ఒక పొర కొవ్వు, ఒక పొర కండ. కండ త్వరగా ఎర్రబడుతుంది. కొవ్వు కరిగి బయటికి రావడానికి టైం కావాలి. ఒకేసారి మంట పెంచితే కండ మాడేలోపు కొవ్వుకి కరిగే సమయం దొరకదు. అందుకని ముందే వేడి చేయకండి. చల్లటి బుట్టలో చల్లటి బేకన్ పెట్టి 350 దగ్గర మొదలుపెట్టండి. మామూలు మందానికి పది, పన్నెండు నిమిషాలు పడుతుంది. మందపాటి రకమైతే పదమూడు నుంచి పదహారు. ఏ మిషన్ లెక్క దానిదే, కాబట్టి ఎనిమిదో నిమిషం నుంచి లాగి చూస్తూ ఉండండి. సగంలో ఒకసారి పట్టకారుతో తిప్పితే చాలు.

మేపుల్ రకం అన్నారు కదా, మాడడంలో దానికీ వాటా ఉంది. చక్కెర ఉన్న బేకన్ ఏదైనా కళ్ళ ముందే నల్లబడుతుంది. హికరీ అనే చెట్టు కర్ర పొగ పట్టించిన మామూలు రకం తెచ్చుకోండి. తీపి కావాలంటే తినేటప్పుడు పైన రెండు చుక్కలు సిరప్ వేయండి, పిల్లాడు ఇంకా సంతోషిస్తాడు.

ముక్కల్ని సగానికి కోసి పరవండి. పొడుగు ముక్క బుట్ట గోడకి ఎక్కి కూర్చుంటుంది, ఆ ఎక్కిన కొస కాయిల్‌కి దగ్గరై మాడుతుంది. ఒకదాని మీద ఒకటి పడకూడదు. అంచులు తాకినా పరవాలేదు, వేగేకొద్దీ అవే ముడుచుకుని విడిపోతాయి. మీ 5 క్వార్టుల బుట్టలో ఒక వాయికి ఐదారు ముక్కలకన్నా ఎక్కువ పట్టవు. రెండో వాయి వేసేముందు అడుగున చేరిన కొవ్వు వంపేయండి, బుట్ట అప్పటికే వేడిగా ఉంటుంది కాబట్టి రెండు నిమిషాల ముందే చూడండి.

నీళ్ళు పొయ్యొచ్చు. చిల్లుల పళ్ళెం కింద, బేకన్ పెట్టకముందు, రెండు మూడు టేబుల్ స్పూన్లు. కారిన కొవ్వు నీళ్ళలో పడితే నీళ్ళు ఉన్నంతసేపూ అంతగా కాగదు, పొగ రాదు. నీళ్ళు పళ్ళేన్ని తాకకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, మధ్యలో నీళ్ళు అయిపోయాయని మళ్ళీ పొయ్యకండి. కాగిన కొవ్వులో నీళ్ళు పడితే పేలి మొహాన పడుతుంది. కొన్ని మిషన్ల పుస్తకంలో నీళ్ళు వద్దని రాసి ఉంటుంది, మీది ఒకసారి చూసుకోండి. వద్దంటే అడుగున ఒక బ్రెడ్ ముక్క పెట్టండి, కొవ్వు అదే పీల్చుకుంటుంది.

ఎప్పుడు తియ్యాలో గడియారం చెప్పదు, బుడగలు చెబుతాయి. మొదట్లో ముక్క మీద పెద్ద పెద్ద బుడగలు లేస్తాయి, అది లోపలి నీరు పోవడం. తర్వాత బుడగలు చిన్నవై తెల్లటి నురగలా మారతాయి. నురగ సన్నబడి, రంగు రాగిగా మారాక బయటికి తీసేయండి. పట్టకారుతో ఎత్తితే అప్పటికి ఇంకా కొంచెం వంగుతుంది. కంగారు పడి మళ్ళీ లోపల పెట్టకండి. పేపర్ టవల్ మీద విడివిడిగా పరిచి రెండు మూడు నిమిషాలు వదిలేస్తే అదే గట్టిపడుతుంది. మన వడియాలు నూనెలోంచి తీసిన తర్వాత కరకరలాడేది గిన్నెలోకి వచ్చాకే కదా, అట్లనే. లోపలే విరిగేదాకా ఉంచితే బయటికి వచ్చేసరికి చేదు.

పెన్నా తీరం

అల్లుడుగారూ, అమ్మాయి వంట సంగతి బాగా చెప్పింది. ఇల్లు, కరెంటు సంగతి నేను చెబుతా. న్యూజెర్సీలో ముప్పై ఏళ్ళుగా అపార్ట్‌మెంట్ల రిపేర్లు చూసే పనే చేశాను.

చాలా అపార్ట్‌మెంట్లలో స్టవ్ పైన ఉండే ఫ్యాన్ గాలిని బయటికి పంపదు. జల్లెడలోంచి లాగి మళ్ళీ మీ మొహం మీదకే వదులుతుంది. ఫ్యాన్ వేసి దాని ముందు చెయ్యి పెట్టండి. గాలి తగిలితే అది అలాంటిదే, దాన్ని నమ్ముకోకండి. మిషన్‌ని కిటికీ దగ్గరికి జరపండి, వెనక వేడిగాలి వచ్చే వైపు గోడకి ఆనించకుండా జానెడు ఖాళీ ఉంచండి. కిటికీలో చిన్న ఫ్యాన్ పెట్టి గాలి బయటికి పోయేలా తిప్పండి. ఇంకో వైపు కిటికీ కొద్దిగా తెరవండి. దానికే సగం వాసన పోతుంది.

అలారం బ్యాటరీ మాత్రం పీకకండి. పీకినవాళ్ళెవరూ తిరిగి పెట్టరు. నా సర్వీసులో ఎన్ని చూశానో.

కొందరు మిషన్‌ని బాల్కనీలో పెట్టి చేస్తారు. మీ లీజు ఒప్పుకుంటే మంచిదే. కానీ సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు వాడొద్దు. ఈ మిషన్లు 1500 నుంచి 1700 వాట్లు లాగుతాయి. ఇక్కడి 120 వోల్టుల మీద అది పన్నెండు నుంచి పద్నాలుగు ఆంపియర్లు. సన్న వైరు వేడెక్కి కరుగుతుంది. వంటింట్లో కూడా అదే లైను మీద మైక్రోవేవో, కెటిలో వేస్తే బ్రేకర్ పడిపోతుంది.

ఇక అత్తగారి శనివారం. నాయనా, దీనికి ఎయిర్ ఫ్రయర్ సలహా ఎందుకు? బేకన్‌ని ఆదివారానికి మార్చు. శనివారం వెంకటేశ్వరస్వామికి, ఆదివారం పిల్లాడికి.

రాగి సంకటి

అందరూ ఎలా చేయాలో చెబుతున్నారు, ఎందుకు తినాలో ఒక్కరూ అడగడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లోనే ప్రాసెస్ చేసిన మాంసాన్ని గ్రూప్ 1లో పెట్టింది. అంటే పొగాకు ఉన్న జాబితా. తొమ్మిదేళ్ల పిల్లాడికి ఇది అలవాటు చేయడం అవసరమా?

మానేరు గట్టు

రాగి సంకటి గారూ, ఆ మాట నిజమే. కాకపోతే గ్రూప్ 1 అంటే క్యాన్సర్ వస్తుందనడానికి ఆధారం గట్టిగా ఉందని అర్థం. ఎంత ప్రమాదం అన్నది ఆ జాబితా చెప్పదు, కాబట్టి పొగాకుతో సమానం అని అనుకోనక్కర్లేదు. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని వాళ్ళు వేసిన లెక్క. రోజూ తినే తిండి కాదని నేనూ అంటాను. వారానికి ఒకసారి రెండు ముక్కలు అంటే వేరే మాట. అది వాళ్ళ ఇంటి నిర్ణయం.

ఇంకో విషయం చెప్పాలి. షాపులో "అన్‌క్యూర్డ్" అని రాసిన ప్యాకెట్ ఖరీదు ఎక్కువ, అందులో నైట్రైట్ (మాంసం నిల్వ ఉండడానికి కలిపే లవణం) లేదనుకుని చాలామంది కొంటారు. విడిగా సోడియం నైట్రైట్ కలపరు, నిజమే. దాని బదులు సెలెరీ పొడి వేస్తారు, అందులో సహజంగా ఉండే నైట్రేట్ చేసేదీ అదే పని. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు చదివితే అదే రాసి ఉంటుంది. ఆరోగ్యం కోసం అయితే ఆ డబ్బు పెట్టకండి. రుచి నచ్చితే పెట్టండి.

స్లౌ సుబ్బు

ఇంగ్లండ్ నుంచి చదివేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఇక్కడ షాపులో ఉత్తి బేకన్ అని అడిగితే ఇచ్చేది బ్యాక్ బేకన్. వెన్ను వైపు కండ ఎక్కువ, అంచున ఒక కొవ్వు పట్టీ. పైన చెబుతున్నది ఇక్కడ స్ట్రీకీ పేరుతో అమ్మేది. బ్యాక్ బేకన్‌ని మానేరు గారు చెప్పినంతసేపు పెడితే ఎండిపోయి అట్టముక్క మిగులుతుంది. దాన్ని 190 సెల్సియస్‌లో ఏడెనిమిది నిమిషాలకే తీసేయాలి. అంచు కొవ్వు మాత్రమే కరకరలాడుతుంది, లోపల మెత్తగానే ఉంటుంది. బ్రెడ్‌లో పెట్టుకుని తినడానికి అదే బాగుంటుంది కూడా. విరగాలంటే స్ట్రీకీ కొనండి, 175 సెల్సియస్ పెట్టండి.

చవక ప్యాకెట్లలో తెల్లటి నురుగులాంటి ద్రవం కారుతుంది చూశారా? ఉప్పునీళ్ళు ఎక్కించి తయారుచేసిన బేకన్ అది. ఆ నీళ్ళతో పాటు మాంసంలోని ప్రొటీన్ బయటికి వచ్చి తెల్లగా గడ్డకడుతుంది. ఆ నీరంతా పోయేదాకా వేగడం మొదలవదు, ఆవిరిలో ఉడుకుతుందంతే. డ్రై క్యూర్డ్, అంటే నీళ్ళు ఎక్కించకుండా పొడి ఉప్పు రుద్ది చేసినది, అని రాసి ఉన్నది కొంటే టైం కలిసొస్తుంది. అమెరికాలో కూడా డ్రై క్యూర్డ్ దొరుకుతుంది అనుకుంటా, మానేరు గారు చెప్పాలి.

మానేరు గట్టు

దొరుకుతుందండి, రేటు ఎక్కువ. ఎయిర్ ఫ్రయర్‌కి అది చాలా బాగా కుదురుతుంది. కాస్త ఉప్పు ఎక్కువ అనిపించొచ్చు, అందుకని దానితో చేసే గుడ్లలో ఉప్పు వేయకండి.

ఇర్వింగ్ నాన్న

అందరికీ థ్యాంక్స్. మానేరు గారూ, కాయిల్ చూశాను. మీరన్నది అక్షరాలా నిజం. బజ్జీల పిండి కూడా ఎండిపోయి అక్కడే అతుక్కుని ఉంది. అది తుడవడానికి పట్టిన సేపట్లో ఒక గంప బజ్జీలు మూకుడులో వేయించుకోవచ్చు.

ఈసారి హికరీ రకం తెచ్చి, సగానికి కోసి, కింద నీళ్ళు పోసి, చల్లటి బుట్టలో 350 పెట్టాను. పొగ రాలేదు, అలారం నోరెత్తలేదు. పదకొండో నిమిషంలో తీశాను. బయటికి వచ్చినప్పుడు మెత్తగానే అనిపించింది, టవల్ మీద ఆరాక విరిగింది. మా వాడు రెండు ముక్కల్ని చెవి దగ్గర పెట్టుకుని విరిచి చూసి, ఏమీ అనకుండా తిన్నాడు. వాడు ఏమీ అనకపోవడమే మెచ్చుకోవడం.

ఒక ముక్క మాత్రం గాలికి లేచి పైన జాలీకి తగులుకుంది. దానికేం చేయాలి? రెండోది, ఈ లెక్కన ప్యాకెట్ అంతా చేయాలంటే వాయి తర్వాత వాయి, పొద్దంతా సరిపోతుంది. వాడి పుట్టినరోజుకి నలుగురు పిల్లలు రాత్రికి ఇక్కడే పడుకుంటామంటున్నారు. మూడోది, అడుగున చేరిన కొవ్వు నేను వేణ్ణీళ్ళతో సింక్‌లో పోసేస్తే సరిపోతుందా?

పెన్నా తీరం

సింక్‌లో పొయ్యొద్దు! వేణ్ణీళ్ళతో పోసినా పైపు లోపలికి వెళ్ళి చల్లారగానే గోడలకి గడ్డకడుతుంది. ఒకరోజులో ఏమీ కాదు, కొన్నాళ్ళకి కింది అంతస్తు వాళ్ళ సింక్‌లోంచి పైకి తన్నుతుంది. అప్పుడు మేనేజ్‌మెంట్ వాళ్ళు బిల్లు మీకే వేస్తారు.

మానేరు గట్టు

పెన్నా తీరం బాబాయి చెప్పిందే. కొంచెం చల్లారనిచ్చి, ఖాళీ గాజు సీసాలో టీ వడపోసే జల్లెడ పెట్టి వంపుకోండి. నీళ్ళు కలిపి చేసినప్పుడైతే గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు పైకి తేలి గడ్డకడుతుంది, దాన్ని స్పూన్‌తో ఎత్తేసి అడుగు నీళ్ళు పారబోయండి. అక్కర్లేకపోతే గడ్డకట్టాక చెత్తలో వేయండి. ఉంచుకుంటే ఫ్రిజ్‌లో పెట్టి, ఆలుగడ్డ ముక్కలు వేయించడానికి వాడండి. ఒక్క స్పూన్ చాలు, ఉప్పు తగ్గించి వేయండి.

ఎగిరే ముక్కకి మిషన్‌తో పాటు వచ్చిన ఇనుప స్టాండ్ ఉంటుంది చూడండి, మూడు నాలుగు కాళ్ళది. దాన్ని ముక్కల మీద బోర్లించండి. సన్న ముక్కలతోనే ఈ బాధ, మందపాటివి లేవవు. కాగితం గురించి కూడా అడిగారు మొదట్లో. చిల్లులున్న కాగితమైతేనే వేయండి, అదీ పైన తిండి పెట్టాకే. పైన తిండి లేకుండా ఉత్తి కాగితం పెట్టి వేడి చేస్తే అది ఎగిరి కాయిల్‌కి అంటుకుని నిప్పు రాజుకుంటుంది. బేకన్‌కి అసలు కాగితం లేకపోవడమే మేలు. కొవ్వు కిందికి దిగాలి కదా, కాగితం వేస్తే అందులోనే నానుతుంది.

పుట్టినరోజుకి మాత్రం ఎయిర్ ఫ్రయర్ పక్కన పెట్టేయండి. అది ఐదారు ముక్కల సామాను. ఓవెన్‌లో అంచులున్న పెద్ద ట్రే మీద ఫాయిల్ పరిచి, దాని మీద బేకన్, 400 డిగ్రీలు, పదిహేను నుంచి ఇరవై నిమిషాలు. ప్యాకెట్ అంతా ఒకే వాయి. ఓవెన్ చల్లగా ఉన్నప్పుడే పెట్టొచ్చు, అప్పుడు ఇంకో నాలుగైదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఎయిర్ ఫ్రయర్‌లో 400 వద్దని, ఓవెన్‌లో 400 అంటున్నానేంటి అనుకోకండి. అక్కడ కొవ్వు ట్రేలోనే నిలుస్తుంది, ముక్కలు అందులోనే వేగుతాయి, నెత్తిమీద కాయిల్‌కి తుంపర్లు కొట్టేంత గాలి ఉండదు. ఓవెన్ అడుగు జిడ్డుగా ఉంటే మాత్రం అక్కడా పొగ వస్తుంది. ట్రే బయటికి తీసేటప్పుడు పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి, వేడి కొవ్వు ఒక్క ఒరుగుకి అంచు దాటుతుంది. డైనింగ్ హాల్లో మాకు మొదటి రోజు నేర్పింది ట్రేని రెండు చేతులతో, మట్టంగా, మోచేతులు ఒంటికి ఆనించి మొయ్యడం.

పెన్నా తీరం

సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే దాని మీద పేరు రాసి పెట్టండి అల్లుడుగారూ. తెల్లగా గడ్డకట్టి చూడ్డానికి అచ్చం నెయ్యే. పొరపాటున ఆవిడ పప్పులో వేసుకుంటే మిమ్మల్ని కాపాడడం మా ఎవరి వల్లా కాదు.

ఇర్వింగ్ నాన్న

అమ్మో! ఆ సీసా నాకొద్దు బాబోయ్. గడ్డకట్టగానే చెత్తలోకే.

చిత్రావతి

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మా ఇంట్లో పంది మాంసం తినం, టర్కీ బేకన్ తెస్తాం. ఇదే పద్ధతిలో పెడితే ఎండిపోయి తోలుముక్క అవుతోంది. ఏదైనా చిట్కా ఉందా?

మానేరు గట్టు

చిత్రావతి గారూ, దానికి ఈ పద్ధతి పనికిరాదండి. టర్కీ బేకన్ టర్కీ మాంసాన్ని సన్నగా రుబ్బి, పట్టీల్లా అచ్చుపోసి కోసేది. కరిగి కారడానికి అందులో కొవ్వు చాలా తక్కువ. కాబట్టి మీరే కొంచెం నూనె ఇవ్వాలి. ముక్కలకి రెండువైపులా బ్రష్‌తో పలచగా నూనె రాసి, 375 దగ్గర ఏడెనిమిది నిమిషాలు, సగంలో తిప్పండి. ఆరో నిమిషం నుంచి కనిపెట్టుకుని ఉండండి, రంగు మారడం మొదలైతే ఇక నిమిషంలో అయిపోతుంది. కింద నీళ్ళు అక్కర్లేదు. అంచులు కరకరలాడతాయి, మధ్యలో కొంచెం మెత్తగానే ఉంటుంది, పంది బేకన్‌లా మొత్తం విరగదు. మిగిలితే డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఉంచొచ్చు, మళ్ళీ 350లో రెండు నిమిషాలు వేడి చేసుకోండి.